వెనక చక్రం పట్టుకుని వచ్చి గెలిస్తే అది గెలుపేనా? బ్రేక్‌అవే (గుంపుని వదిలి ముందుకి పోవడం) గురించి తెలిసినవాళ్ళు చెప్పండి

మైపాడు రోడ్డు
2025 జులై 13 ఆదివారం, రాత్రి 9:52

పొద్దున జరిగినదానికి కడుపు రగిలిపోతా ఉంది. దానికి తోడు ఇప్పుడే టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ రేసు తొమ్మిదో స్టేజి (ఒక రోజు రేసుని ఒక స్టేజి అంటారు) చూసి లేచాను, ఇక రాయకుండా ఉండలేక రాస్తున్నా.

ప్రతి ఆదివారం పది పన్నెండు మందిమి నెల్లూరు నుంచి మైపాడు బీచికి సైకిళ్ళ మీద వెళ్ళొస్తాం. పోయేటప్పుడు కబుర్లు, వచ్చేటప్పుడు రేసు. ఊరి మొదట్లో టీ కొట్టు ముందున్న కరెంటు స్తంభమే మాకు ఫినిష్ లైను. ఈ నెలలో పడమటి గాలి ఎట్టా ఉంటుందో ఈ పక్కవాళ్ళకి చెప్పక్కర్లేదు, వచ్చేటప్పుడు నేరుగా మొహానికే కొడుతుంది. ఇందుకూరుపేట దాటాక నేను గట్టిగా అటాక్ చేసి ముందుకు వచ్చేశాను. నా వెంట ఒక్కడే వచ్చాడు, పదేళ్ళ స్నేహితుడు. ఇద్దరం మార్చి మార్చి ముందుండి గాలికి అడ్డంగా లాగితే వెనక తొమ్మిది మందికీ దొరకం అనుకున్నా. మోచెయ్యి ఊపాను, పక్కకి జరిగాను, నోరు తెరిచి అడిగాను కూడా. ఒక్కసారంటే ఒక్కసారి ముందుకి రాలేదు. మిగిలిన దారంతా ఎదురుగాలిలో నేనొక్కడినే లాగాను. చివరి రెండొందల మీటర్లలో నా వెనక నుంచి లేచి, నన్ను దాటి వెళ్ళి గెలిచాడు.

నాకు రెండు సంగతులు తెలియాలి. ఇట్టా గెలవడం న్యాయమేనా, ప్రొఫెషనల్ రేసుల్లో దీన్ని ఒప్పుకుంటారా? ఇక రెండోది ఇవాళ్టి స్టేజి గురించి. వాన్ డర్ పోల్, రిక్కార్ట్ ఇద్దరూ ఒకే టీమువాళ్ళు, షినాన్‌లో జెండా ఊపగానే బయలుదేరి 170 కిలోమీటర్ల దాకా గుంపుకి దొరక్కుండా నడిపారు, స్టేజి సగటు వేగమే గంటకు 50 కిలోమీటర్లు దాటింది. అంత చేసీ షాటోరూలో కిలోమీటరు కూడా మిగలని చోట వాన్ డర్ పోల్‌ని గుంపు పట్టేసింది, మెర్లియే గెలిచాడు. అంత బలమైనవాడే దొరికిపోతుంటే రోజూ ఎవరో ఒకరు ముందుకి ఎందుకు పోతారు?

పెన్నా గట్టు
జులై 13, రాత్రి 10:31

నీ రెండో ప్రశ్న ముందు చూద్దాం తమ్ముడూ, అది తేలితే మొదటిదానికి దారి దొరుకుతుంది.

సైకిల్ రేసులో అసలు శత్రువు గాలి. సమతలం మీద గంటకు 40 కిలోమీటర్లు దాటాక నీ బలంలో చాలా భాగం గాలిని చీల్చడానికే పోతుంది. ఒకడి వెనక దగ్గరగా ఉంటే ఆ భారం బాగా తగ్గుతుంది. ఇక పెద్ద గుంపు మధ్యలో ఉన్నవాడి సంగతి చెప్పనే అక్కర్లేదు. గాలి ప్రవాహం మీద పరిశోధన చేసే బర్ట్ బ్లాకెన్ బృందం 2018లో 121 మంది ఉన్న పెలోటాన్ (రేసులో పెద్ద గుంపు) నమూనా పెట్టి కొలిస్తే, లోపల బాగా నడిమధ్యన ఉన్నవాడి మీద పడే గాలి ఒత్తిడి ఒంటరిగా వెళ్ళేవాడి మీద పడేదాంట్లో 5 నుంచి 10 శాతమే అని తేలింది. అంటే ముందున్న ఇద్దరు రోజంతా కష్టపడుతుంటే వెనక 170 మంది ఒకరి చాటున ఒకరు దాదాపు విశ్రాంతిగా వస్తుంటారు, పని చేసేది మహా అయితే ముగ్గురు నలుగురు. క్విక్‌స్టెప్ టీములో టిమ్ డెక్లెర్క్ అని ఒకాయన ఉండేవాడు, గంటల తరబడి గుంపు ముందు ఒక్కడే లాగేవాడు, ఆయనకి 'ట్రాక్టర్' అనే పేరు పడిపోయింది. అదీ ఒక ఉద్యోగమే ఈ ఆటలో.

మరి ఎందుకు పోతారంటే, గెలుపు ఒక్కటే జీతం కాదు కాబట్టి. మధ్యలో స్ప్రింట్ పాయింట్లు ఉంటాయి, కొండల పాయింట్లు ఉంటాయి, పోరాట పటిమకి బహుమతి ఉంటుంది (ఇవాళ అది రిక్కార్ట్‌కే ఇచ్చారు), చిన్న టీముకి నాలుగు గంటలు టీవీలో చొక్కా కనిపించడమే పెద్ద సంపాదన. టీములో ఒకడు ముందు ఉంటే ఆ టీముకి వెనక నుంచి తరిమే పని ఉండదు, అదీ ఒక లాభం. వీటన్నిటికీ పైన ఒక ఆశ ఉంటుంది. వెనకవాళ్ళు ఇవాళ లెక్క తప్పుతారేమో అని. 1947లో ఆల్బర్ బుర్లాన్ కార్కసాన్‌లో బయలుదేరి లూషాన్ దాకా 253 కిలోమీటర్లు ఒక్కడే వెళ్ళి గెలిచాడు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత టూర్‌లో అంతకంటే ఎక్కువ దూరం ఒంటరిగా వెళ్ళి గెలిచినవాడు లేడు.

లెక్కల మాష్టారు
జులై 14 సోమవారం, ఉదయం 6:15

ఆ లెక్క తప్పడం అంటే ఏమిటో చూపిస్తాను, నాకు ఈ ఆటలో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే.

రోబేర్ షపాత్ అని ఒకప్పటి రైడరు, తర్వాత టీవీ వ్యాఖ్యాత అయ్యాడు. ఆయన పేరు మీద ఒక సూత్రం ఉంది: మిగిలిన ప్రతి 10 కిలోమీటర్లకి ఒక నిమిషం చొప్పున గ్యాప్‌ని గుంపు మూసేయగలదు. ఇప్పుడు 30 కిలోమీటర్లు మిగిలి ఉన్నాయి, గ్యాప్ 3 నిమిషాలు అనుకోండి. ముందున్నవాళ్ళు గంటకు 45 చొప్పున వెళ్తే 40 నిమిషాల్లో ఫినిష్ చేరతారు. ఆ వేగంలో 3 నిమిషాలంటే రెండుంబావు కిలోమీటర్లు. కాబట్టి గుంపు అదే 40 నిమిషాల్లో 32.25 కిలోమీటర్లు రావాలి, అంటే గంటకు 48.4. తేడా మూడున్నర కిలోమీటర్లు కూడా లేదు! కానీ గాలికి పెట్టే బలం వేగం ఘనంతో పెరుగుతుంది కనుక ముందు లాగేవాడు దాదాపు 24 శాతం ఎక్కువ బలం పెట్టాలి. ఒంటరి మనిషికి అది అసాధ్యం, నలుగురు మార్చుకుంటే సాధ్యం.

ఇప్పుడు ముందున్నవాళ్ళ తెలివి చూడండి. వాళ్ళు మధ్యాహ్నమంతా 45లో వెళ్తూ బలం దాచుకుని, ఆఖరి 30 కిలోమీటర్లు 48లో వెళ్ళారనుకోండి, 37 నిమిషాల 30 సెకన్లలో అయిపోతుంది. గుంపు ఇప్పుడు 51.6లో రావాలి. వెనక టీము కార్లలో లెక్క కట్టేవాళ్ళు పాత వేగం చూసి నిదానంగా ఉంటే, అది తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. మంచి బ్రేక్‌అవే రైడర్లు గ్యాప్ మరీ ఎక్కువ పెరగనివ్వకుండా అందుకే అట్టిపెడతారు. గ్యాప్ పది నిమిషాలైతే వెనకవాళ్ళకి భయం పుట్టి తొందరగా పని మొదలుపెడతారు. మూడు నిమిషాలైతే 'మనదేలే' అనుకుంటారు.

చీమకుర్తి రాయి
జులై 14, ఉదయం 8:40

లెక్కలు బాగున్నాయి మాష్టారూ, కానీ అబ్బాయి అడిగింది న్యాయం గురించి. నా మాట సూటిగా చెప్తా, అది న్యాయం కాదు.

మా ప్రకాశం జిల్లాలో బండలాగుడు పందేలు చూస్తూ పెరిగినవాణ్ణి. కాడికి రెండు ఎడ్లు కడతాం. ఒకటి మెడ వదిలేసి రెండోదాని మీద బరువంతా వేస్తే ఆ జత ఎంత ఖరీదైనదైనా బండ కదలదు, కదిలినా ఆ మంచి ఎద్దు నాలుగు పందేలకే పాడైపోతుంది. అట్టాంటి ఎద్దుని ఎవరూ మెచ్చుకోరు, మా వైపు మళ్ళీ పందేనికి కట్టరు. పది కిలోమీటర్లు ఒకడి చాటున వచ్చి చివర్లో దాటినవాడి కాళ్ళలో బలం ఉంది, నేను కాదనను. కానీ ఆ బలం ఎవరిది? ముందున్నవాడు దాచిపెట్టి ఇచ్చిందే కదా. నేనైతే స్తంభం దగ్గర వాడి చెయ్యి కలిపేవాణ్ణి కాదు.

కావలి చక్రం
జులై 14, రాత్రి 10:20

చీమకుర్తి అన్నయ్యా, ఎడ్ల మాట ఒప్పుకుంటాను, కానీ ఒక్క తేడా ఉంది. ఆ రెండు ఎడ్లూ ఒకే కాడి కింద ఉంటాయి. బ్రేక్‌లో, అంటే బ్రేక్‌అవేలో, పక్క పక్కన వెళ్తున్న ఇద్దరు వేరే వేరే కాడి కింద ఉంటారు, ఒక్కొక్కరి బండ ఎక్కడో వెనక ఉంటుంది.

ఇవాళే పదో స్టేజి చూశారు కదా, లే మాన్ డోర్ కొండ మీద ముగిసింది. ముందు గుంపులో బెన్ హీలీ ఉన్నాడు, అతనికి పసుపు జెర్సీ (మొత్తం టైములో మొదట ఉన్నవాడు వేసుకునేది) అందే దూరంలో ఉంది, ప్రతి సెకనూ కావాలి. అందుకని స్వీనీ, బోడాన్ అనే టీము స్నేహితులతో లాగించాడు, వాళ్ళు అలిసిపోయాక తనే లాగాడు. అదే గుంపులో ఉన్న సైమన్ యేట్స్‌కి పసుపు జెర్సీతో పని లేదు, స్టేజి కావాలి. హీలీ లాగుతుంటే తను ఎందుకు ముందుకి రావాలి? చివరికి యేట్స్ స్టేజి గెలిచాడు, ఆరెన్స్‌మన్ రెండు, హీలీ మూడు. కానీ హీలీ 29 సెకన్ల తేడాతో పొగచార్ దగ్గర పసుపు జెర్సీ తీసుకున్నాడు. ఎవరికి కావాల్సింది వాళ్ళకి దొరికింది. పొగచార్ టీము కూడా పెద్దగా తరమలేదు, జెర్సీ వేరేవాళ్ళ దగ్గర ఉంటే రోజూ గుంపు ముందు లాగే భారం వాళ్ళ మీదికి పోతుంది కాబట్టి.

కాబట్టి నా ఉద్దేశంలో 'ముందుకి రాలేదు' అన్నది తప్పు కాదు. ఎందుకు రాలేదు అన్నది అడగాలి. వెనక గుంపులో తన మనిషి ఉంటే రాకపోవడమే అతని ధర్మం. వెనక ఎవరూ లేకుండా ఊరికే బలం దాచుకుంటే మాత్రం అన్నయ్య చెప్పినట్టు ఆ మనిషిని అందరూ గుర్తుపెట్టుకుంటారు, రేపు అతను అటాక్ చేస్తే ఎవరూ సాయం చెయ్యరు. మైపాడు రోడ్డు గారూ, మీ స్నేహితుడికి వెనక ఎవరైనా ఉన్నారా?

మైపాడు రోడ్డు
జులై 14, రాత్రి 10:41

వెనక అంటే... వాడి తమ్ముడు ఉన్నాడక్కా. ఈ మధ్యే కొత్త సైకిల్ కొని వస్తున్నాడు. మాలో చివరి స్ప్రింట్‌లో అందరికంటే వేగం వాడిదే. నేను ఆ సంగతి ఆలోచించనే లేదు.

ఎర్ర హెల్మెట్
జులై 15 మంగళవారం, మధ్యాహ్నం 1:05

వాడు చెప్పిన స్నేహితుణ్ణి నేనే. ఈ చర్చ లింకు వాడే పంపించాడు, అందుకు సంతోషం, వెనక చాటున తిట్టుకోకుండా.

రేయ్, నేను నీ వెంట వచ్చేటప్పుడు తమ్ముడు నాతో ఒకే మాట అన్నాడు, 'నువ్వు పో అన్నా, నేను వీళ్ళతో వస్తా' అని. వాడికి కరెంటు స్తంభం దగ్గర స్ప్రింట్ ఇవ్వాలని నాకుంది. వాడు వచ్చిన మూడు వారాల్లో ఒక్కసారి కూడా గెలవలేదు, నువ్వూ నేనూ ముందుకి పోయి కూర్చుంటున్నాం. నేను నీతో కలిసి లాగితే వాడు వెనకే ఉండిపోతాడు. లాగకుండా ఉంటే రెండే జరుగుతాయి, నువ్వు అలిసిపోయి గుంపు మనల్ని పట్టుకుంటే వాడు స్ప్రింట్ చేస్తాడు, పట్టుకోకపోతే నేను చేస్తాను. పట్టుకుంటారనే అనుకున్నా, నువ్వు అంత లాగుతావని నాకు తెలియదు. చివర్లో నేను స్ప్రింట్ చెయ్యకుండా నిన్ను గెలవనిచ్చి ఉండాల్సిందేమో. అది మాత్రం ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నా. చీమకుర్తి అన్న అన్న మాట గుచ్చుకుంది.

చీమకుర్తి రాయి
జులై 15, మధ్యాహ్నం 3:30

తమ్ముడి కోసం అని ముందే చెప్పి ఉంటే నేను ఆ మాట అనేవాణ్ణి కాదు అబ్బాయ్. కానీ చివరి స్ప్రింట్ గురించి నా మాట మారదు. లాగనివాడు స్ప్రింట్ చెయ్యకూడదు. పాత రైడర్లలో చాలామందికి ఆ పట్టింపు ఉండేదని నేను చదివాను, ఆ పట్టింపు మంచిదే.

దోర్నాల ఘాట్
జులై 15, సాయంత్రం 6:48

అందరూ సమతలం గురించే మాట్లాడుతున్నారు. నేను దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ ఎక్కేవాణ్ణి, కొండ మీద ఈ న్యాయాలన్నీ మారిపోతాయి. ఎక్కేటప్పుడు వేగం గంటకు 15కి పడిపోతే గాలి పెద్ద సంగతి కాదు, నీ బరువు, నీ ఊపిరి, అంతే. ఒకడి చాటున దాక్కుని లాభం లేదు. అందుకే కొండల స్టేజీల్లో బ్రేక్ గెలిచే అవకాశం ఎక్కువ, వెనక 170 మంది ఉన్నా వాళ్ళ సంఖ్య అక్కడ పనికిరాదు. పైగా స్ప్రింటర్ల టీములకి ఆ రోజు ఆశ ఉండదు కాబట్టి తరిమేవాళ్ళూ తక్కువ.

అట్టాంటి రోజుల్లో బ్రేక్ ఏర్పడటమే పెద్ద యుద్ధం. జెండా ఊపాక గంట, ఒక్కోసారి గంటన్నర, ఒకడి తర్వాత ఒకడు అటాక్ చేస్తూనే ఉంటారు, గుంపు ప్రతి ఒక్కడినీ పట్టుకుంటూనే ఉంటుంది. ఎప్పుడో ఒకసారి గుంపు ముందున్నవాళ్ళు రోడ్డంతా అడ్డంగా పరుచుకుని నిదానిస్తారు. అప్పుడు బయట ఉన్నవాడే ఆ రోజు బ్రేక్. టీవీలో ప్రసారం ఆలస్యంగా మొదలయ్యే రోజుల్లో మనకి ఆ భాగమే కనిపించదు, అదే నాకు బాధ. ఎవరిని వదలాలో కూడా గుంపే తేలుస్తుంది. మొత్తం టైములో పది నిమిషాలు వెనకున్నవాడు బ్రేక్‌లో ఉంటే వదులుతారు, రెండు నిమిషాలు వెనకున్నవాడు దూరితే మిగతా బ్రేక్ మొత్తం దెబ్బతింటుంది. అందుకే ముందున్నవాళ్ళు అట్టాంటివాణ్ణి 'నువ్వు వెనక్కి పో, నీ వల్ల మమ్మల్ని ఎవరూ వదలరు' అని బతిమాలుకుంటారు కూడా.

లెక్కల మాష్టారు
జులై 15, రాత్రి 8:10

వదిలి తప్పు చేసిన రోజులు కూడా ఉన్నాయి. 2001లో పొంటార్లియే స్టేజి, చలి, వాన, 14 మంది ముందుకి పోయారు, ఎవరూ తరమలేదు. గుంపు 35 నిమిషాల 54 సెకన్లు ఆలస్యంగా వచ్చింది. నిబంధన ప్రకారం చేరాల్సిన గడువు గుంపంతా దాటిపోయింది, అంతమందిని ఇంటికి పంపలేక రేసులో ఉంచారు. ఆ 14 మందిలో ఉన్న ఆంద్రే కివిలెవ్ టూర్ ముగిసే పారిస్‌లో నాలుగో స్థానంలో నిలిచాడు.

2006లో మాంటెలిమార్ స్టేజి ఇంకా పెద్దది. పసుపు జెర్సీ ఫ్లాయిడ్ లాండిస్ దగ్గర ఉంది, అతని టీముకి దాన్ని కాపాడే ఓపిక లేదు, దాదాపు అరగంట వెనకున్న ఆస్కార్ పెరీరోని వదిలేశారు. బ్రేక్ 29 నిమిషాల 57 సెకన్లు సంపాదించింది, యెన్స్ ఫోయిగ్ట్ స్టేజి గెలిచాడు, పెరీరో పసుపు జెర్సీ వేసుకున్నాడు. తర్వాత లాండిస్ మళ్ళీ తీసుకున్నాడు, పారిస్‌లో గెలిచాడు కూడా, కానీ డోపింగ్ పరీక్షలో దొరికి బహిష్కరించబడ్డాడు. 2007లో ఆ టూర్‌ని పెరీరోకే ఇచ్చారు. ఒక్క మధ్యాహ్నం బద్ధకం వల్ల వచ్చిన ఫలితం అది.

పెన్నా గట్టు
జులై 15, రాత్రి 11:02

ఎర్ర హెల్మెట్ తమ్ముడూ, నువ్వు తమ్ముడి కోసం చేసింది చదివాక ఈ మేలో జరిగిన ఇటలీ రేసు గుర్తొచ్చింది. రాయకుండా పడుకోలేను, కొంచెం పొడుగవుతుంది.

2018 జీరోలో (ఆ ఇటలీ రేసు పేరు జీరో డి ఇటాలియా) సైమన్ యేట్స్ గులాబీ జెర్సీలో, అంటే మొత్తం టైములో మొదట ఉన్నాడు, రెండు వారాలు అందరినీ ఆడించాడు. 19వ స్టేజిలో కొల్లె దెల్లె ఫినెస్త్రె అనే కొండ వచ్చింది. 18 కిలోమీటర్ల పైన ఎక్కుడు, ఆఖరి 8 కిలోమీటర్లు కంకర రోడ్డు. అక్కడ క్రిస్ ఫ్రూమ్ ఫినిష్‌కి 80 కిలోమీటర్లు ఉండగానే అటాక్ చేసి ఒంటరిగా వెళ్ళి గెలిచాడు. యేట్స్ కాళ్ళు అదే కొండ మీద చచ్చుబడిపోయాయి, ఆ రోజు అరగంటకు పైగా పోగొట్టుకున్నాడు.

ఏడేళ్ళ తర్వాత, 2025 మే 31. జీరో 20వ స్టేజి, మళ్ళీ అదే ఫినెస్త్రె. గులాబీ జెర్సీ మెక్సికో కుర్రాడు ఇసాక్ దెల్ తోరో దగ్గర ఉంది, 43 సెకన్ల వెనక కారపాస్, 1 నిమిషం 21 సెకన్ల వెనక యేట్స్. పొద్దున్నే యేట్స్ టీము ఒక పని చేసింది. వౌట్ వాన్ ఆర్ట్‌ని బ్రేక్‌లోకి పంపింది. వాన్ ఆర్ట్ అంత కొండని మొదటివాళ్ళతో ఎక్కి గెలిచే మనిషి కాదు, టీము అతన్ని పంపింది గెలవడానికి కాదు. వాన్ ఆర్ట్ నిమిషాల తేడాతో ముందు ఉంటాడు, వెనక నుంచి యేట్స్ అటాక్ చేసి ఒంటరిగా వచ్చినా, కొండ దిగాక లోయలో సమతలం మీద అతనికి ఒక చాటు దొరుకుతుంది. ఫినెస్త్రె మీద యేట్స్ వెళ్ళాడు. దెల్ తోరో, కారపాస్ ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నువ్వు లాగు అంటే నువ్వు లాగు. కారపాస్ లాగితే దెల్ తోరో వెనక కూర్చుంటాడు, దెల్ తోరో లాగితే కారపాస్ చివర్లో దాటుతాడు. ఇద్దరికీ రెండోవాడి గెలుపే భయం, మూడోవాడు వెళ్ళిపోతున్నాడు. కొండ దిగాక వాన్ ఆర్ట్ యేట్స్ కోసం కాచుకుని ఉన్నాడు, లోయలో తన బలమంతా పెట్టి లాగాడు. ఆ రోజే గులాబీ జెర్సీ యేట్స్‌కి వచ్చింది, మర్నాడు రోమ్‌లో దాదాపు నాలుగు నిమిషాల తేడాతో జీరో గెలిచాడు. అదే కొండ, అదే మనిషి. స్టేజి మాత్రం బ్రేక్‌లో ముందున్న క్రిస్ హార్పర్‌ది, ఆ గొడవతో అతనికి సంబంధమే లేదు.

2011 టూర్‌లో గలిబియే మీద ఆండీ ష్లెక్ చేసిందీ ఇదే పద్ధతి. ఇద్దరు టీము మనుషుల్ని ముందే బ్రేక్‌లోకి పంపి, తను 60 కిలోమీటర్ల ముందు బయలుదేరి వాళ్ళని అందుకున్నాడు. బ్రేక్‌లో ఎవరు ఏ పని మీద వచ్చారో తెలియకుండా వాళ్ళ కష్టానికి వెల కట్టకూడదని నేను అనేది ఇందుకే. నీ చివరి స్ప్రింట్ గురించి మాత్రం నేనూ చీమకుర్తి వైపే కొంచెం మొగ్గుతాను.

కావలి చక్రం
జులై 16 బుధవారం, రాత్రి 9:36

తులూజ్ స్టేజి చూశారా ఎవరైనా? నా చేతులు ఇంకా వణుకుతున్నాయి.

నాలుగు వారాల క్రితం కాలర్ బోన్ విరిగిన యోనాస్ ఆబ్రహామ్‌సన్ మొదటి నుంచీ బ్రేక్‌లో ఉన్నాడు. ఐదుగురిలో చివరికి ఇద్దరు మిగిలారు, అతనూ మౌరో ష్మిడ్. వెనక నుంచి వాన్ డర్ పోల్ ఒక్కడే తరుముకొస్తున్నాడు. మైపాడు రోడ్డు తమ్ముడూ, ఇది సరిగ్గా నువ్వు ఆదివారం కోరుకున్న రేసు. ఇద్దరూ వేరే టీములు, ఇద్దరికీ గెలుపు కావాలి, అయినా ఆఖరి కిలోమీటరు దాకా ఒకరికొకరు చాటు ఇచ్చుకుంటూ వచ్చారు. ఎవరు లాగాలి అని ఒక్కసారి ఆగి చూసుకుని ఉంటే అయిపోయేది, వాన్ డర్ పోల్ 7 సెకన్ల వెనకే మూడోవాడిగా వచ్చాడు. ఆబ్రహామ్‌సన్ చక్రం తేడాతో గెలిచాడు. ష్మిడ్ బార్ మీద తలవాల్చేసినా, అతను లాగకపోయి ఉంటే రెండో స్థానం కూడా ఉండేది కాదు.

2014లో నీమ్‌లో జాక్ బావర్ 220 కిలోమీటర్లు ముందుండి లైనుకి కొన్ని మీటర్ల దూరంలో దొరికిపోయి రోడ్డు పక్కన కూర్చుని ఏడ్చాడు. ఆ రోజు నుంచి నేను బ్రేక్‌ల కోసమే సైక్లింగ్ చూస్తున్నా. ఇవాళ ఆ బాధ కొంత తీరినట్టుంది.

మైపాడు రోడ్డు
జులై 16, రాత్రి 10:02

చూశానక్కా. ఆఖరి రెండు కిలోమీటర్లు నిలబడే చూశా. వాడికి ఫోన్ చేశాను, ఆదివారం పోదామన్నాడు. పెన్నా గట్టు సార్, ఇద్దరి కంటే ముగ్గురైతే మంచిదా? ఎంతసేపు లాగి మారాలి?

పెన్నా గట్టు
జులై 16, రాత్రి 10:30

ఎదురుగాలిలో ముగ్గురు మంచిది, లాగాక విశ్రాంతి రెండింతలు దొరుకుతుంది. అరనిమిషం మించి ముందు ఉండకు. ముందు నుంచి దిగి వెనక్కి వచ్చేటప్పుడు గాలి ఏ పక్క నుంచి వస్తుంటే ఆ పక్కకే జరుగు, వెనకవాడు చాటులో నుంచే ముందుకి వస్తాడు. ముందుకి రాగానే వేగం పెంచకు, అందరూ చేసే తప్పు అదే, వెనక కొత్తగా చేరినవాడి ఊపిరి పోతుంది. ఎదురొచ్చే బస్సులని చూసుకోండి, ఆ రోడ్డు మీద అన్నిటికంటే అది ముఖ్యం.

మైపాడు రోడ్డు
జులై 20 ఆదివారం, రాత్రి 9:40

వెళ్ళొచ్చాం. వాడి తమ్ముడు ఇవాళ రాలేదు, జ్వరమట. మొత్తం తొమ్మిది మందిమి. ఇందుకూరుపేట దాటాక అదే చోట నేను కదిలాను, వాడు వచ్చాడు, ఇంకొకాయన కూడా వచ్చాడు, మాలో వయసులో పెద్దాయన, ఎప్పుడూ ముందుకి రాని మనిషి. ముగ్గురం అరనిమిషం చొప్పున మార్చుకున్నాం. సార్ చెప్పినట్టు గాలి పక్కకి దిగడం మొదట్లో తికమకైంది, తర్వాత కుదిరింది. ఎంత తేడానో! పోయిన వారం నాకు చచ్చిపోతానేమో అనిపించిన దారి ఇవాళ పాటలాగా అయింది. కాలవ వంతెన మీద నుంచి వెనక్కి చూస్తే ఎవరూ లేరు.

ఇక ముగ్గురి మధ్యే అని తెలిసిపోయింది. ఆఖరి కిలోమీటరు నేను వాణ్ణే చూస్తున్నా, వాడు నన్నే చూస్తున్నాడు. పెద్దాయన స్తంభానికి ఆరొందల మీటర్లుండగా ఎడమ పక్క నుంచి వెళ్ళిపోయాడు. నేను వాడి వైపు చూశా, వాడు నా వైపు చూశాడు. ఒక్క నాలుగు సెకన్లు, అంతే. పెద్దాయన గెలిచాడు, ఆయన మొహం చూడాల్సింది.

ఇప్పుడు కార్కసాన్‌లో వెలెన్స్ ఒంటరిగా గెలిచింది చూశాను, అక్కడా వెనకవాళ్ళ పరిస్థితి ఇదే. ఆ నాలుగు సెకన్లలో ఎవరు కదలాలి, నేనా వాడా? పొద్దుటి నుంచి అదే ఆలోచన.

లెక్కల మాష్టారు
జులై 20, రాత్రి 9:58

స్ప్రింట్‌లో ఎవరు బలహీనుడో వాళ్ళు కదలాలి. బలహీనుడికి కూర్చుంటే గెలిచే దారే లేదు. పోయిన వారం సంగతి బట్టి చూస్తే మీరే. కానీ పెద్దాయన కంటే ముందే, అంటే కిలోమీటరు మిగిలినప్పుడే వెళ్ళి ఉండాల్సింది, అప్పుడు ఆ ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళు.

ఎర్ర హెల్మెట్
జులై 20, రాత్రి 10:11

మాష్టారు చెప్పింది నిజమే. నువ్వు కదిలి ఉంటే నీ వెనక నేను వచ్చేవాణ్ణి, అది నీకూ తెలుసు, అందుకే కదల్లేదు. కానీ ఇవాళ నేను నీకు సమానంగా లాగాను రా, అది ఇక్కడ రాయి, చీమకుర్తి అన్న చదువుతాడు. వచ్చే ఆదివారం తమ్ముడు వస్తున్నాడు. ఐదున్నరకి గాంధీబొమ్మ దగ్గర.